మూడో మంచం దగ్గరి పిలుపు

దుమ్ముగూడెం
2006 ఆగస్టు 20

ఉషా,

గోదావరి తగ్గింది. మా ఇంటి గడప దాకా రాలేదు గానీ అంగన్‌వాడీ గోడ మీద మోకాలెత్తున బురద గీత వదిలిపోయింది. పిల్లల పలకలన్నీ కడిగి ఎండబెట్టాను. ఈ వరద సంగతంతా ఎందుకు రాస్తున్నానంటే, అసలు సంగతి రాయడానికి సిగ్గేస్తోంది. ఫోన్‌లో చెప్పేది కాదు. ఇక్కడి ఎస్టీడీ బూత్‌లో మాట్లాడితే ఊరంతటికీ మైకు పెట్టినట్టే.

నాకు ఆరో నెల. పక్కింటి కొండమ్మ వదిన వచ్చి భయపెట్టింది. "కాన్పుకు పోతే ఆయమ్మలు బ్లేడు పట్టి గీకుతరు. ఎంట్రుకలుంటే నలుగురి ముంగట తిడుతరు. ఇంటికాన్నే తీసుకొని పో" అంది. పొట్ట ఇంకా పెరిగితే కనిపించదని నేను ఇప్పుడే తొందరపడ్డాను. నాగరాజు గడ్డం గీసుకునే బ్లేడు తీసుకుని, ఒంటి సబ్బు రాసుకుని, చంకల్లోనూ కిందా గబగబా లాగేశాను. రెండో రోజుకు ఎర్రటి పొక్కులు లేచాయి. మంగలివాళ్ళు వాడే పటిక రుద్దితే తగ్గుతుందన్నారు. రుద్దాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఇప్పుడు నడిస్తే రాపిడి, కూర్చుంటే మంట. గర్భిణుల పేర్లు రాసుకోవడానికి ఊరంతా తిరగాలి. నా నడక చూసి "ఏంది టీచరమ్మా, కాలు బెణికిందా?" అని అడుగుతున్నారు. అవునంటున్నాను. నాగరాజుకైతే చెప్పనే లేదు. బ్లేడు ఇంత మొద్దుబారిందేమిటని తనలో తనే గొణుక్కున్నాడు.

నువ్వు నర్సువి. టేకులపల్లి హాస్టల్‌లో ఒకే దుప్పటి కింద పడుకున్నదానివి. నిన్ను కాక ఇంకెవరిని అడగను? ఇంకోమాట. కాన్పుకు పాల్వంచలో మీ నర్సింగ్‌హోమ్‌కే వస్తాను. నువ్వు పక్కనుంటే నాకు భయం లేదు.

నీ
యశోద


పాల్వంచ
ఆగస్టు 29

యశోదా,

గోకకు. పొక్కులు గిల్లకు. పటిక, పౌడరు, ఘాటు మందులు ఏవీ వద్దు. రెండు పూటలా గోరువెచ్చని నీళ్ళతో కడిగి, మెత్తని నూలు బట్టతో అద్దుకో. రుద్దొద్దు. బిగుతు బట్టలు వేసుకోకు. మంట తగ్గాక కాస్త కొబ్బరినూనె రాయి. పొక్కులో చీము చేరినా, చుట్టూ ఎరుపు పాకినా, ఒళ్ళు వెచ్చబడినా ఒక్క పూట కూడా ఆగకుండా భద్రాచలం దవాఖానాకు వెళ్ళు.

అసలు కాన్పుకు ఆ వెంట్రుకలు తియ్యాల్సిన అవసరమే లేదు. కొండమ్మ వదినకు కూడా చెప్పు. అడ్డమనిపిస్తే కత్తెరతో కురచగా కత్తిరిస్తే చాలు, చర్మానికి ఇనుము తగలనక్కర్లేదు. చంకల్లో గీసుకోక తప్పదనుకుంటే స్నానం చివర, వెచ్చని నీళ్ళకు వెంట్రుక బాగా నానాక, నురగ మీద, కొత్త బ్లేడుతో, వెంట్రుక ఏ వైపు వాలితే ఆ వైపే, ఒత్తకుండా గీసుకో. గీసినచోటే మళ్ళీ గీయకు. ఎదురు గీస్తే నున్నగా వస్తుంది గానీ వెంట్రుక కొస లోపలికి ముడుచుకుని పొక్కవుతుంది. సంతలో అమ్మే వెంట్రుకలు తీసే క్రీములు మోచేతి లోపల రాసి ఒక రోజు చూడకుండా వాడకూడదు. కింద లోపలి చర్మానికైతే అవి తగలనే కూడదు. పొట్ట అడ్డమై నీకు కనిపించని చోట నువ్వు ఏమీ చెయ్యకు.

ఒకరి బ్లేడు ఇంకొకరికి వాడకూడదు. ఇంట్లోవాళ్ళదైనా సరే. ఒకరి బ్లేడు ఇంకొకరికి వాడకూడదు.

కాన్పుకు మీకు భద్రాచలమే దగ్గర. ఇక్కడిదాకా రావద్దు. నేనిప్పుడు చీటీలు రాసే కౌంటర్‌లో ఉన్నాను.

ఉషారాణి


దుమ్ముగూడెం
సెప్టెంబర్ 18

ఉషా,

పొక్కులు మానిపోయాయి. నువ్వు చెప్పినట్టే చేశాను, వారం తిరక్కుండానే మామూలుగా నడుస్తున్నాను. బెణికిన కాలు బాగైందని ఊళ్ళో అందరూ సంతోషించారు.

కానీ నీ ఉత్తరం చదివితే నర్సమ్మ ముందు నిల్చున్నట్టుంది, మా ఉష ముందు నిల్చున్నట్టు లేదు. సంతకం దగ్గర పూర్తి పేరు ఎప్పుడు పెట్టావు నాకు? బ్లేడు మాట రెండుసార్లు రాశావు. రెండోసారి పెన్ను కాగితాన్ని చించింది.

నాగరాజు కొత్తగూడెంలో టీచర్ల ట్రైనింగుకు వెళ్ళి, తిరిగి వచ్చేటప్పుడు మీ నర్సింగ్‌హోమ్ దగ్గర దిగాడు. నువ్వు అప్పుడే ఇంటికి వెళ్ళావట. ఎర్రమ్మ అనే ఆయమ్మ కూర్చోబెట్టి నీళ్ళిచ్చి మాట్లాడిందట. "ఉష సిస్టర్ కాన్పుల వార్డు మొకం జూడక నాలుగు నెల్లాయె సారూ. మూడో మంచం కాడికి పొమ్మంటే వణుకుతది" అందట. ఎందుకని అడిగితే, "నాకు సుత ఆ మంచం కాడ ఎవలో పిలిచినట్టే అయితది" అని లేచిపోయిందట. నాగరాజు నవ్వుతూ చెప్పాడు. నాకు నవ్వు రాలేదు.

నన్ను రావద్దన్నది దూరమనా, ఇంకేమైనానా? నా కడుపులో బిడ్డ మీద ఒట్టు వెయ్యను, అది తప్పు. ఊరికే అడుగుతున్నాను. చెప్పు.

యశోద


పాల్వంచ
అక్టోబర్ 9

యశీ,

మూడుసార్లు మొదలుపెట్టి చించేశాను. ఇదీ చించేలోపే పోస్టు చేస్తాను.

ఏప్రిల్‌లో టేకులపల్లి దాటాక అడవి అంచున ఉన్న తండా నుంచి పూలి అనే అమ్మాయి తొలి కాన్పుకు వచ్చింది. ఇరవై రెండేళ్ళు. వెంట తల్లి రూప్లి. పూలి ఎంత భయపడిందంటే మూడో మంచం ఇస్తే ఎక్కనంది. నేను మా లంబాడీలో "భయపడకు, నేనున్నాను" అన్నాను. ఆ మాటతో ముఖం విచ్చుకుంది. "నువ్వు మనోళ్ళ పిల్లవా, బాయీ?" అంది. మా భాషలో బాయీ అంటే అక్క. ఆ తర్వాత నేనేం చెబితే అది చేసింది.

ఆ మధ్యాహ్నం ఒకేసారి మూడు కాన్పులు. డాక్టరమ్మ లోపలినుంచి "తయారు చేశావా?" అని కేకేస్తోంది. కొత్త బ్లేడ్ల ప్యాకెట్ బీరువాలో ఉంది, తాళం హెడ్ సిస్టర్ దగ్గర, ఆమె భోజనానికి వెళ్ళింది. కరెంటు లేదు, పంపులో నీళ్ళు లేవు. ట్రేలో పొద్దున ఇంకొకామెకు వాడిన బ్లేడు ఉంది. స్పిరిట్‌తో తుడిచాను. తుడిస్తే చాలదని నాకు తెలుసు యశీ. తెలిసే తుడిచాను. తడి దూదితో అలా అద్ది, పొడి చర్మం మీద గీసేశాను.

"బాయీ, మండుతాంది" అంది.

"రెండు నిమిషాలు ఓర్సుకో, అయిపోయింది" అన్నాను.

నిండా గాజులున్న సన్నటి చేత్తో నా మణికట్టు పట్టుకుంది. ఆపమని కాదు, ఊరికే పట్టుకుంది. నేను విడిపించుకుని గీశాను. రెండుచోట్ల తెగింది. దూది ఒత్తాను. కేసు షీట్‌లో 'స్కిన్ ఇంటాక్ట్' అని రాశాను. అంటే చర్మానికి గాయమేమీ లేదని.

ఆడపిల్ల పుట్టింది, బాగుంది. మూడో రోజు పూలికి జ్వరం వచ్చింది. డ్రెస్సింగ్ తీసి చూస్తే తెగినచోట చుట్టూ ఎర్రగా ఉబ్బి నిప్పులా కాలుతోంది. ఐదో రోజు ఖమ్మం పంపాం. ఏడో రోజు పోయింది. రక్తంలో విషం పాకిందన్నారు. లోపలి కుట్ల వల్లా కావచ్చు, ఒంట్లో రక్తం లేకపోవడం వల్లా కావచ్చు. బ్లేడు వల్లనేనని ఎవరూ తేల్చి చెప్పలేరు. కాదనీ చెప్పలేరు. నన్ను ఎవరూ అడగలేదు. షీట్‌లో గాయం లేదుగా.

పది రోజుల తర్వాత మూడో మంచం మీద దుప్పటి మారుస్తుంటే వెనకనుంచి "బాయీ" అని వినిపించింది. అరుపు కాదు, మంచినీళ్ళు అడిగినట్టు. తిరిగి చూస్తే ఎవరూ లేరు. తర్వాత స్టెరిలైజర్ దగ్గర. తర్వాత బస్సులో, కిటికీ పక్కన పట్టపగలు. పిలిచినప్పుడల్లా మణికట్టు చల్లబడుతుంది. డాక్టరమ్మ నరాల బలహీనత అని బిళ్ళలిచ్చింది. బిళ్ళలకు నిద్రొచ్చింది గానీ పిలుపు ఆగలేదు. బ్లేడు పట్టుకుంటే వేళ్ళు బిగుసుకుపోతున్నాయి. అడిగి కౌంటర్‌కు మారాను. అక్కడికీ వస్తోంది.

నిన్ను రావద్దన్నది ఇందుకు. నువ్వు ఆ మంచం మీద పడుకుని నన్ను నమ్మితే నేను తట్టుకోలేను.

ఉష


దుమ్ముగూడెం
అక్టోబర్ 30

ఉషా,

జవాబు ఆలస్యమైంది. నీ ఉత్తరం చదివి బియ్యం డబ్బా కింద పెట్టాను. రోజూ బియ్యం తీసుకుంటూ డబ్బా పక్కకు జరపకుండా జాగ్రత్తపడ్డాను. నిజం చెప్పాలి కదా, నాకు నీ మీద కోపం వచ్చింది. భయం కూడా వేసింది. పూలి ముఖం నేను చూడలేదు గానీ, ఆలోచిస్తే నా ముఖమే కనిపించింది.

"తప్పు నీది కాదు, పని ఒత్తిడి" అని రాద్దామని పెన్ను పట్టుకున్నాను. రాయలేకపోయాను. నీకే తెలిసిన సంగతిని నేను కాదని ఎలా అనను?

కొండమ్మ వదినను అడిగాను, నీ పేరు చెప్పకుండా, ఎవరి సంగతో అన్నట్టు. చనిపోయినవాళ్ళు పిలుస్తుంటే ఏం చెయ్యాలని. మా కోయోళ్ళలో పోయినవాళ్ళు ఇంట్లోనే ఉంటారంటారు, నీకు తెలుసుగా. వదిన వెంటనే చెప్పింది: "పిలిస్తే పలుకాలె. దాసుకుంటే ఇంకా పిలుస్తరు. ఏం దాసిందో అది చెప్పాల్సినోళ్ళకు చెప్పాలె."

నువ్వు నాకు చెప్పావు. నువ్వు చెప్పాల్సింది నాకు కాదు. ఆ తల్లికి తెలుసా?

భద్రాచలంలోనే చూపించుకుంటున్నాను. డిసెంబర్ రెండో వారం అన్నారు. పాపం నువ్వు ఎలా ఉన్నావో అని ఇవాళ పొద్దుటినుంచి మనసు పీకుతోంది. అందుకే రాస్తున్నాను.

యశోద


పాల్వంచ
నవంబర్ 20

యశీ,

వెళ్ళొచ్చాను.

ముందు డాక్టరమ్మకు చెప్పాను. "బ్లేడు వల్లనేనని నువ్వెట్లా అంటావు? ఇప్పుడెందుకు తవ్వుతావు?" అని కేకలేసింది. బ్లేడు వల్లనేనని అనడం లేదు మేడమ్, షీట్‌లో అబద్ధం రాశానంటున్నాను అన్నాను. ఆమె షీట్ తెప్పించి నా ముందు పెట్టింది. నేను తారీఖు వేసి, తెగినచోట్లు రెండూ రాసి సంతకం పెట్టాను. ఉద్యోగం ఉంటుందో పోతుందో ఇంకా తెలియదు.

మర్నాడు ఆదివారం టేకులపల్లి బస్సెక్కాను. తండా దగ్గర దిగి అడిగితే పత్తి చేలో ఉందన్నారు. రూప్లి పత్తి ఏరుతోంది. గట్టు మీద ఇప్పచెట్టుకు చీరతో ఉయ్యాల కట్టి పిల్లను పడుకోబెట్టింది. నన్ను చూసి గుర్తుపట్టింది. "దవాఖానా పిల్లవు గదా. నా బిడ్డ నిన్ను బాయీ అని పిలిచేది" అంది. అది విని నేను అక్కడే మట్టిలో కూర్చుండిపోయాను. మాట్లాడిందంతా మా భాషలోనే, నీకు తెలుగులో రాస్తున్నాను.

అంతా చెప్పాను. ఆమె చేతిలో పత్తి అలాగే ఉంది.

"బ్లేడు పాతదా?"

"అవ్."

"పాతదని నీకు ఎరుకేనా?"

"ఎరుకే."

"మండుతాందని చెప్పిందా అది?"

"చెప్పింది."

లేచి నిలబడింది. కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. వెనక్కి తిరిగి ఒక సాలు చివరిదాకా పత్తి ఏరుకుంటూ వెళ్ళింది. మళ్ళీ ఇంకో సాలు వెంట నా వైపు వచ్చింది. ఆ రెండు సాళ్ళూ అయ్యేసరికి నీడ జరిగి ఉయ్యాల మీద ఎండ పడింది. నేను లేచి ఉయ్యాల మీద గుడ్డ కప్పాను. వద్దనలేదు.

"ఇన్ని దినాలకు ఎందుకొచ్చినవ్?" అని అడిగింది.

పిలుపు సంగతి చెప్పాను. ఆమె ముఖం మారిపోయింది యశీ. అది కోపం కాదు. ఆకలిగా ఉన్నవాళ్ళు ఎదుటివాళ్ళ కంచం చూసినట్టు చూసింది.

"నిన్ను పిలుస్తాందా? నన్ను ఒక్కనాడు పిలవలే. కన్నదాన్ని నేను. పొయ్యికాడ కూసుంట, సప్పుడు చెయ్యకుంట కూసుంట, ఏమన్న అంటదేమోనని. పిలవలే." నా దగ్గరికి వచ్చి కూర్చుంది. "ఎట్ల పిలుస్తది? పిలిచి సూపియ్."

నా వల్ల కాదన్నాను. "పిలువు" అంది. పిలిచాను. నీళ్ళడిగినట్టు, మెల్లగా, "బాయీ" అని. రూప్లి కళ్ళు మూసుకుంది. "ఇంకోపాలి" అంది. ఎన్నిసార్లు పిలిచానో లెక్క లేదు.

వచ్చేటప్పుడు, "మాఫ్ చేసుడు నాకు రాదు. ఆ మాట అడుగకు. నెలకొక్కపాలి రా. అది ఏమన్న అంటే చెప్పిపో" అంది.

ఉష


భద్రాచలం
డిసెంబర్ 16

ఉషా,

కొడుకు! మొన్న తెల్లవారాక పుట్టాడు. మూడు కిలోలకు కొంచెం తక్కువ. మంచం మీదే రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే ఏమనుకోకు.

నొప్పులతో రాగానే ఆయమ్మ బ్లేడు, సబ్బునీళ్ళు పట్టుకుని వచ్చింది. బ్లేడు కొత్తదే, కాగితం కూడా విప్పలేదు. అయినా కాళ్ళు దగ్గరకు లాక్కుని వద్దన్నాను. "అందరు చేయించుకుంటరమ్మా, నీదేమన్న బంగారమా?" అంది. "బంగారమే. కత్తెరతో కత్తిరించు, లేకుంటే వదిలెయ్యి" అన్నాను. మధ్యమధ్యలో నొప్పులు, మధ్యమధ్యలో నా వాదన. ఆ గొడవకు నర్సు వచ్చింది. నేను కోపంగా మాట్లాడలేదు ఉషా, ఏడ్చాను. ఒకమ్మాయికి ఇట్లా అయింది సిస్టర్ అన్నాను. పేర్లేమీ చెప్పలేదు. ఆమె నా ముఖంలోకి చూసి, "కుట్లు వేసే చోట కత్తెరతో కత్తిరించండి, చాలు" అంది.

కుట్లు రెండే పడ్డాయి. మంట లేదు, పొక్కు లేదు, జ్వరం లేదు. పక్క మంచం మీది ఆమె నన్ను చూసి తనకూ కత్తెరే అడిగింది.

ఒక్క సంగతి రాయాలా వద్దా అని ఆలోచించాను. బిడ్డ బయటపడేముందు ఎవరి చెయ్యో దొరికితే గట్టిగా పట్టుకున్నాను, సన్నటి చెయ్యి, నిండా గాజులు. తర్వాత ఆ గాజులామె ఎవరని అడిగితే లోపల గాజులేసుకున్నవాళ్ళు ఎవరూ లేరన్నారు. నొప్పుల్లో ఏవేవో అనిపిస్తాయి. నాకు భయం వెయ్యలేదు. అంతే రాస్తున్నాను.

నీ ఉద్యోగం సంగతేమైంది? ఆ తల్లి ఏమంటోంది?

యశోద


పాల్వంచ
2007 మార్చి 12

యశీ,

నీ కొడుకుకు ముద్దులు. ఉద్యోగం ఉంది. జీతం పెరగదన్నారు, సరేనన్నాను. జనవరి నుంచి మళ్ళీ కాన్పుల వార్డులోనే ఉన్నాను. ట్రేలో బ్లేడు తీసేశాం, కత్తెర మాత్రమే. మూడో మంచం నాకే ఇమ్మని అడిగాను.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. పత్తి చేలోంచి వచ్చిన రోజు నుంచి పిలుపు లేదు. నాకూ లేదు, ఎర్రమ్మకూ లేదు. మొదట ఊపిరి తిరిగినట్టయింది. తర్వాత భయమేసింది. నెల తిరిగేసరికి ఆ తల్లి ఎదురుచూస్తుంది కదా, ఏం చెప్పను? డిసెంబర్‌లో వెళితే నన్ను చూడగానే చేతిలో పని వదిలేసి వచ్చి కూర్చుంది. నోట్లోంచి అబద్ధం వచ్చేసింది. "బాగున్నానంది. బిడ్డను మంచిగా చూసుకోమంది" అన్నాను. రూప్లి తల ఊపింది. జనవరిలో ఇంకో అబద్ధం, ఫిబ్రవరిలో ఇంకోటి. కేసు షీట్‌లో ఒకసారి రాసింది చాలనట్టు, మళ్ళీ అదే పని.

పిల్లకు పదకొండో నెల వచ్చింది. పుట్టువెంట్రుకలు తీయిస్తాం, భద్రాచలం రమ్మని కబురు పంపింది. నిన్న వెళ్ళాను. గోదావరి ఒడ్డున పగిడయ్య అనే ముసలాయన కత్తి నూరుకుంటూ కూర్చున్నాడు. పిల్ల తల మీద జుట్టు నల్లగా ఒత్తుగా ఉంది, మెత్తటి నెత్తి కింద నరం కొట్టుకోవడం కనిపిస్తోంది. వెళ్ళిపోదామనుకున్నాను. రూప్లి పిల్లను తెచ్చి నా ఒళ్ళో పెట్టి, "తల నువ్వు తడుపు" అంది.

కొత్త బ్లేడు నేనే తెచ్చాను. అది వెయ్యమన్నాను. పగిడయ్యకు కోపం వచ్చింది. "ముప్పై ఏండ్ల సంది గీస్తున్న, నాకు నేర్పుతవా సిస్టరూ?" అన్నాడు.

"ఆమె చెప్పినట్టు చెయ్యి" అంది రూప్లి. అంతే. ఆయన కత్తి పక్కన పెట్టి ఇంకో పిడికి నా బ్లేడు బిగించాడు.

టీ కొట్టులో వెచ్చని నీళ్ళు అడిగి తెచ్చి, పిల్ల తలను దోసిలితో తడుపుతూ కూర్చున్నాను. ఆయన తొందరపడితే ఆగమన్నాను. వెంట్రుక మెత్తబడేదాకా ఆగాం. ఆ రోజు పూలికి ఇవ్వని నిమిషాలు అవి. తర్వాత తల రెండు చేతులతో పట్టుకున్నాను, ఆయన పైనుంచి కిందికి, జుట్టు వాలిన వైపే గీశాడు. పిల్ల ఏడవలేదు. నా కొంగు నములుతూ కూర్చుంది. ఎక్కడా చుక్క నెత్తురు లేదు. నూనె రాశాను.

రూప్లి నన్ను పక్కకు తీసుకెళ్ళింది. "ఏమన్నది ఈ నెల?"

ఇక నా వల్ల కాలేదు. "పిలుస్తలేదు. ఆ రోజు నీకు చెప్పినకాన్నుంచి ఒక్కసారి సుత పిలవలే. మూడు నెలలు నీకు అబద్ధం చెప్పిన" అన్నాను.

ఆమె నీళ్ళ వైపు చూస్తూ, "ఎరుకే" అంది. "నా బిడ్డ ఎన్నడన్న బాగున్నానన్నదా? కడుపు నిండ తిన్నా ఆకలైతాందనేది. నువ్వు చెప్పినవి దాని మాటలు గావు. అయినా ఇంత దూరం వస్తున్నవ్ గదా అని ఇన్న."

బస్సు ఎక్కించేటప్పుడు పిల్లను చంకన వేసుకుని కిటికీ దగ్గరికి వచ్చింది. గుండు మీద నూనె మెరుస్తోంది. నెల నెలా చెప్పిపొమ్మన్న మాట ఇక తీరిపోయిందనుకున్నాను. మొక్కుదామని చేతులెత్తబోయాను.

"వచ్చే నెల గూడ రా" అంది రూప్లి. "ఏం చెప్పకు. ఊకెనే రా."

ఉష